ఇల్లు ఖాళీ అయింది, బాకీ మిగిలింది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు అద్దెకిచ్చి చూడు అని ఎందుకు అనలేదో తెలియదు. ఆ రోజుల్లో ఊరు విడిచి వెళ్ళేవారు తక్కువ గనుక ఆ అవసరం కలగలేదు కాబోలు. ఇప్పుడు సంగతి వేరు. ఇల్లు విజయవాడలో ఉంటుంది. ఇంటివారు కొడుకు దగ్గర బెంగుళూరులోనో, కూతురు దగ్గర అమెరికాలోనో ఉంటారు. అద్దెకున్నవారు ఏడాదికొక పేటకు మారుతూ ఉంటారు. మధ్యన తాళంచెవులు పట్టుకొని, అద్దెలు వసూలు చేసి, కుళాయిలు బాగు చేయించి, ఇంటిపన్ను కట్టి, నెలనెలా లెక్క పంపే మనిషి ఒకడు కావాలి. అటువంటివాణ్ణి ఇప్పుడు ప్రాపర్టీ మేనేజరు అంటున్నారు. పూర్వం గుమాస్తా అనేవారు, ముక్త్యారు అనేవారు. పేరు మారినా పని అదే.

ఆ పనిలో ఉన్నవారూ, తమ ఇల్లు తామే చూసుకునేవారూ కూడా తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “అద్దెకున్నవారు నాలుగు నెలల బాకీ పెట్టి వెళ్ళిపోయారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, ఫోను చేసినా పలకడం లేదు. ఆ డబ్బు రాబట్టే దారేమిటి? లేక నీళ్ళు వదులుకోవలసిందేనా?” ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. ఇంట్లో ఉన్నవాడు అద్దె ఇవ్వకపోవడం వేరు, వెళ్ళిపోయినవాడు ఇవ్వకపోవడం వేరు. ఇంట్లో ఉన్నప్పుడు ఖాళీ చేయించడమెలా అన్నది పెద్ద చిక్కు. అద్దెల నియంత్రణ చట్టమనీ, రెంట్ కంట్రోలరు అనీ, అదొక ప్రత్యేకమైన వ్యవహారం. ఇల్లు వదిలి వెళ్ళిన తరువాత ఆ గొడవ లేదు. మిగిలింది మామూలు బాకీ. చేబదులు తీసుకున్నవాడి బాకీ ఎటువంటిదో ఇదీ అటువంటిదే. రాజీలో రాకపోతే సివిలు కోర్టులో దావా వేసి రాబట్టుకోవాలి. అంటే దానికి రుజువు కావాలి, దానికొక గడువు కూడా ఉంటుంది. చాలామందికి అద్దె బాకీలు పోయేది ఎదుటివాడి మోసం వల్ల కాదు, ఈ రెంటినీ అశ్రద్ధ చేయడం వల్ల.

మొహమాటం

మన ఇళ్ళలో అద్దె వ్యవహారం ఎలా జరుగుతుందో పాఠకులకు తెలియనిది కాదు. వచ్చిన నెలలోపుగానే అద్దెకున్న అమ్మాయి ఇంటావిడను ‘పిన్నిగారూ’ అని పిలవడం మొదలుపెడుతుంది. సంక్రాంతికి అరిసెలు ఇటు వస్తాయి, ఉగాదికి బొబ్బట్లు అటు వెళతాయి. పిల్లవాడికి జలుబు చేస్తే పిన్నిగారే మిరియాల కషాయం కాచి ఇస్తుంది. ఇదంతా చాలా మంచిదే. కాని ఒక నెల అద్దె ఆలస్యమై, “ఈ నెల కాస్త ఇబ్బందిగా ఉంది పిన్నిగారూ” అనగానే, “దానికేముందమ్మా, వచ్చే నెల కలిపి ఇద్దువు గాని” అంటుంది ఆవిడ. ఆ మాట ఎక్కడా వ్రాయరు. రెండో నెల సగం ఇస్తారు, అదీ వ్రాయరు. ఆరు నెలలు గడిచేసరికి ఎంత ఇచ్చారో, ఎంత ఇవ్వలేదో ఇద్దరికీ సరిగా జ్ఞాపకం ఉండదు. ఎవరి జ్ఞాపకం వారికి అనుకూలంగా ఉంటుంది. ఇల్లు మారేనాడు పిన్నిగారు ఒక లెక్క చెబుతుంది, అమ్మాయి మరొక లెక్క చెబుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నామని నమ్ముతారు. బాకీ పోతుంది, దానితోపాటు అరిసెలూ బొబ్బట్లూ కూడా పోతాయి.

ఇంటి యజమాని తరఫున మరొకరు వసూలు చేయడంలో ఉన్న సుగుణం ఇదే. అతనికి బంధుత్వం అడ్డురాదు. రసీదు ఇవ్వడం, పుస్తకంలో వ్రాయడం అతని ఉద్యోగం గనుక ఎవరూ నొచ్చుకోరు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ప్రాపర్టీ మేనేజరు విధులు కూడా చెప్పారు. వాటిలో ఒకటి అద్దె పుచ్చుకొని రసీదు ఇవ్వడం. ఆయా రాష్ట్రాలు తమ శాసనాలలోకి తెచ్చుకుంటే తప్ప ఆ నమూనా అమలుకు రాదు గాని, పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికివచ్చేదే.

ఇంటికొక పేజీ పెట్టుకోండి. ఏ నెల అద్దె, ఎప్పుడు ఇవ్వవలసింది, ఎప్పుడు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఇంకా ఎంత మిగిలింది అని అయిదు గళ్ళు గీస్తే చాలు. ఈ కాలంలో డబ్బు యూపీఐలో వచ్చిపడుతుంది. అది ఏ నెలదో అందులో ఉండదు. కనుక డబ్బు అందిన వెంటనే, “మీరు పంపిన 6,000 రూపాయలు మార్చి నెల అద్దెలో జమ కట్టాను, ఇంకా 6,000 ఉన్నది” అని కబురు పెట్టండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, బాకీదారు ఫలానా బాకీకి అని చెప్పి ఇస్తే దానికే జమ కట్టాలి. అతను చెప్పకపోతే పుచ్చుకున్నవాడు తనకు రావలసిన ఏ బాకీకైనా, పాతదానికైనా, జమ కట్టుకోవచ్చును. జమ కట్టిన సంగతి ఎప్పటికప్పుడు చెప్పకపోవడం వల్లనే తరువాత తగాదా వస్తుంది.

తాళంచెవులు అప్పగించే రోజు

బాకీ వసూలు కావడమా, మునగడమా అన్నది చాలావరకు ఇల్లు ఖాళీ చేసే రోజునే తేలిపోతుంది. ఆ రోజున అద్దెకున్నవారు ఎదురుగా ఉంటారు. సామాను లారీ ఎక్కుతూ ఉంటుంది. అడ్వాన్సు లెక్క తేలితే బాగుండునని వారికీ ఉంటుంది. ఆ సాయంత్రం దాటితే మళ్ళీ వారిని కలుసుకోవడం మన చేతిలో లేదు.

ఇల్లంతా ఇద్దరూ కలిసి తిరిగి చూడండి. కరెంటు మీటరు అంకె వ్రాసుకోండి. తరువాత ఒక తెల్లకాగితం మీద లెక్క వేయండి. నెలకు 12,000 చొప్పున నాలుగు నెలల అద్దె 48,000. కట్టవలసిన కరెంటు బిల్లు 1,800. మొత్తం 49,800. ఇందులోనుంచి వారిచ్చిన రెండు నెలల అడ్వాన్సు 24,000 తీసివేయాలి. నీళ్ళ మోటారు చెడిపోతే మీకు చెప్పి, మీరు పట్టించుకోకపోతే వారే బాగు చేయించుకున్నారు. ఆ 2,300 కూడా తీసివేయాలి. యజమాని చేయించవలసిన మరమ్మతును, తెలియజేసినా చేయించకపోతే, అద్దెకున్నవాడు చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉన్నది. నికరంగా మిగిలిన బాకీ 23,500.

వారికి రావలసినది మనమే ముందుగా తీసివేస్తే, మన లెక్క మీద వారికి నమ్మకం కలుగుతుంది. గోడలకు సున్నం మాసిందనీ, గచ్చు అరిగిందనీ వ్రాయకండి. మామూలు వాడకం వల్ల కలిగే అరుగుదల అద్దెకున్నవాడి తప్పు కాదు. రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాదులో వాడుక. అదీ మొదటి ఒప్పందంలో వ్రాసుకుంటేనే బలం. నోటి మాట మీద పట్టుకుంటే తగాదాకు మనమే దారి తీసినట్టు.

లెక్క తేలిన తరువాత ఆ కాగితం మీదనే మూడు సంగతులు వ్రాయించి సంతకం చేయించుకోండి. ఇంత బాకీ ఉన్నాను అన్నది మొదటిది. ఫలానా తేదీలోగా, లేక ఇన్ని వాయిదాలలో ఇస్తాను అన్నది రెండవది. కొత్త చిరునామా మూడవది. చిరునామా అడగడానికి సంకోచం అక్కర్లేదు. “మీ పేర ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు వస్తే పంపించాలి గదండీ” అనండి. ఆ మాట నిజం కూడాను. ఉద్యోగం ఎక్కడో, సొంత ఊరు ఏదో వ్రాసుకోండి. మీరూ సంతకం చేసి ఒక ప్రతి వారికి ఇవ్వండి.

కొందరు బాకీకి ప్రాంసరీ నోటు వ్రాయించుకుంటారు. అది మరీ గట్టి కాగితం. కాని నోటు తీసుకున్నట్టు లెక్క కాగితం మీద వ్రాయడం ధర్మం. ఒకే బాకీకి రెండు పత్రాలు ఉన్నట్టు కనబడకూడదు. కొందరు చెక్కులు తీసుకుంటారు. బాకీ కింద ఇచ్చిన చెక్కు డబ్బు చాలక తిరిగి వస్తే, ఆ సంగతి బ్యాంకు తెలిపిన 30 రోజులలోగా వ్రాతమూలకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజులలో అవతలివారు చెల్లించకపోతే, ఆపైన ఒక నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఈ గడువులు చాలా చిన్నవి. ‘వచ్చే నెల చూద్దాం’ అనుకునేవారికి చెక్కు పనికిరాదు.

కాలదోషం

కాలదోషం పట్టిన బాకీ అన్న మాట మన పెద్దలకు బాగా తెలుసు. అద్దె బాకీకి కాలపరిమితి మూడేళ్ళు. 1963 నాటి లిమిటేషన్ చట్టం అలా నిర్ణయించింది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటున్నది. ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి మూడేళ్ళు కాదు. ఏ నెల అద్దె ఏ రోజున ఇవ్వవలసి ఉన్నదో ఆ రోజు నుంచి ఆ నెలకు మూడేళ్ళు. 2023 మార్చి అద్దెను ఏప్రిల్ 5న ఇవ్వవలసి ఉంటే, 2026 ఏప్రిల్ 5తో దాని గడువు ముగుస్తుంది. ఏప్రిల్ అద్దెకు మే 5 వరకు ఉంటుంది. అంటే అశ్రద్ధ చేసినవారి బాకీ ఒక్కసారిగా పోదు, నెలకొక మెట్టు చొప్పున జారిపోతుంది. గడువు దాటిందని ఎదుటివాడు చెప్పకపోయినా, కోర్టు తనంతట తానే చూసి దావా కొట్టివేయాలి.

ఈ గడువును పొడిగించే మందు కూడా ఆ చట్టంలోనే ఉన్నది. గడువు తీరకముందు బాకీదారు తన బాకీని ఒప్పుకుంటూ వ్రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. “బాకీ ఉన్నమాట నిజమేగాని ఇప్పుడు ఇవ్వలేను” అని వ్రాసినా అది ఒప్పుకోలే. కొంత డబ్బు ఇచ్చి, ఇచ్చినట్టు తన చేతితో వ్రాసినా, సంతకం చేసినా అంతే ఫలం. పొడిగింపు రావాలంటే వట్టి డబ్బు ఇస్తే చాలదు, వ్రాత ఉండాలి. గడువు తీరిపోయిన తరువాతనైనా “ఆ బాకీ చెల్లిస్తాను” అని వ్రాసి సంతకం చేసి ఇస్తే కాంట్రాక్టు చట్టం దానిని కొత్త ఒప్పందంగా భావిస్తుంది.

వాట్సాప్‌లో “ఇస్తానండీ” అని వచ్చిన ముక్కలు చూసి ధైర్యంగా కూర్చోకండి. వాటిని కోర్టులో దాఖలు చేయడానికి 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కోరిన సర్టిఫికెట్ జతపరచాలి. అవి ఉండవలసిందే. కాని ఒక కాగితం మీద సంతకం ఉంటే అన్ని తంటాలు లేవు.

ముందు ఫోను, తరువాత ఉత్తరం

బాకీ అడిగేవాడికి కోపం మంచి సాధనం కాదు. ఖాళీ చేసి వెళ్ళినవారిలో ఎక్కువమంది ఎగవేద్దామని వెళ్ళినవారు కారు. కొత్త ఇంటికి అడ్వాన్సు, లారీ కిరాయి, పిల్లల ఫీజులు వరుసగా వచ్చిపడేసరికి పాత బాకీ వెనకబడుతుంది. నెలలు గడిచిన కొద్దీ మీ ఫోను ఎత్తడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు పోగొట్టడం మన పని.

“నమస్కారమండీ మాస్టారూ, బాగున్నారా? అమ్మాయికి కాలేజీలో సీటు వచ్చిందా?”

“వచ్చిందండీ. మీ సంగతి మరచిపోలేదు. కాస్త సర్దుబాటు కావాలి.”

“ఎంత సర్దుకోగలరో చెప్పండి. నెలకు 3,000 అయినా సరే. ఏ తారీకు అనుకోమంటారు?”

“అయిదు తరువాత అనుకోండి.”

“అలాగేనండీ. ఆ రెండు ముక్కలే కాగితం మీద వ్రాసి సంతకం చేసి పంపితే ఇంటి అమ్మగారికి చూపిస్తాను. ఆవిడ దగ్గర నా మాటా నిలబడుతుంది.”

రెండుసార్లు ఇలా మాట్లాడినా ఫలం లేకపోతే ఉత్తరం వ్రాయాలి. ఎలా వ్రాయాలో ఒక నమూనా ఇస్తున్నాను.

“శ్రీ ... గారికి, నమస్కారములు. మీరు ఫలానా వీధిలోని ఫలానా నంబరు ఇంట్లో ఫలానా తేదీ వరకు అద్దెకున్నారు. ఆ రోజున మనమిద్దరం చూసుకున్న లెక్క ప్రకారం మీరు ఇవ్వవలసిన నికరపు బాకీ 23,500 రూపాయలు. లెక్క నకలు జతపరిచాను. ఇందులో పొరపాటున్నట్టు తోస్తే పదిహేను రోజులలోగా వ్రాయండి, సరిచూస్తాను. పొరపాటు లేకపోతే వచ్చే నెల 10వ తేదీలోగా ఆ మొత్తాన్ని క్రింది ఖాతాకు పంపండి. ఒక్కసారిగా ఇవ్వడం ఇబ్బంది అయితే ఎన్ని వాయిదాలలో ఇవ్వగలరో వ్రాసి, సంతకం చేసి పంపండి. ఏ జవాబూ రాకపోతే యజమానురాలి తరఫున చట్టప్రకారం చర్య తీసుకోవలసి వస్తుంది. ఈ ఉత్తరం తేదీ నుంచి వడ్డీ కూడా కోరవలసి వస్తుంది.”

ఈ ఉత్తరంలో బెదిరింపు తక్కువ, దారులు ఎక్కువ. లెక్క తప్పయితే చెప్పే దారి ఉన్నది, వాయిదాలు కోరే దారి ఉన్నది. జవాబు ఏది వచ్చినా అది సంతకం ఉన్న కాగితమే అవుతుంది. వడ్డీ మాట వ్రాయడానికి కారణం ఉన్నది. ఒప్పందంలో వడ్డీ లేకపోయినా, వడ్డీ కోరతామని వ్రాతమూలకంగా తెలియజేస్తే ఆ నోటీసు తేదీ నుంచి ఇప్పించే అధికారం 1978 నాటి వడ్డీ చట్టం కోర్టుకు ఇచ్చింది. ఉత్తరాన్ని అందినట్టు రుజువు వచ్చే తపాలాలో పంపి, రసీదు జాగ్రత్త చేయండి. సరైన చిరునామాకు పంపిన కవరును పుచ్చుకోకుండా తిప్పి పంపినంత మాత్రాన, నోటీసు అందలేదని తప్పించుకోవడం సులభం కాదు. దీనికీ పలకకపోతే ప్లీడరు నోటీసు.

చేయకూడని పనులు

కోపంలో కొందరు చేసే పనులు బాకీని రాబట్టకపోగా కొత్త కేసులు తెచ్చిపెడతాయి. సామాను లారీ ఎక్కకుండా గేటుకు తాళం వేయడం, పిల్లల సర్టిఫికెట్లు, గ్యాసు పుస్తకం దాచిపెట్టడం అటువంటివి. బాకీ ఎంత నిజమైనా, కోర్టు ఉత్తరువు లేకుండా ఒకరి వస్తువులు పట్టుకునే హక్కు మనకు లేదు. వారు వదిలి వెళ్ళిన బీరువానో మంచమో ఉంటే, ఇద్దరు ఇరుగుపొరుగువారి ఎదుట జాబితా వ్రాసి, ఫోటో తీసి, ఫలానా తేదీలోగా తీసుకువెళ్ళండి అని ఉత్తరం వ్రాయండి. అమ్మివేసి బాకీకి జమ కట్టుకోకండి.

వారి ఆఫీసుకు వెళ్ళి పదిమందిలో అడగడం, అపార్టుమెంటు వాట్సాప్ బృందంలో ఫోటో పెట్టి ‘ఎగవేతదారు’ అని వ్రాయడం కూడా తగదు. పరువునష్టం దావా మన మీదకే వస్తుంది. పరువు పోయిందనుకున్నవాడు ఇక డబ్బు ఇచ్చి నిలబెట్టుకునేదేమీ లేదు.

కోర్టు గుమ్మం

దావాకు వెళ్ళేముందు లోక్ అదాలత్ సంగతి ఆలోచించండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద, ఇంకా కోర్టుకు వెళ్ళని తగాదాను కూడా అక్కడికి తీసుకుపోవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే రెండో పక్షాన్ని పిలిపిస్తారు. ఇద్దరూ ఒప్పుకుని రాజీ పడితే ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. దానిమీద అప్పీలు లేదు. పాతిక ముప్ఫై వేల బాకీకి ఇంతకంటె మంచి చోటు లేదు.

రాజీ కుదరకపోతే దావా. బాకీదారు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నా, ఇల్లున్న చోటి కోర్టులో దావా వేయవచ్చు. అద్దె ఇవ్వవలసిన కారణం పుట్టింది ఇక్కడే గదా. దావా యజమాని పేరనే నడుస్తుంది. మేనేజరు నడిపించాలంటే అతని పేర పవరాఫ్ అటార్నీ, అంటే ముక్త్యారునామా ఉండాలి. యజమాని విదేశంలో ఉంటే అక్కడి భారత కాన్సులేటులో వ్రాసి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు రుసుము కట్టించాలి. ముక్త్యారునామా ఉన్నవాడు తాను స్వయంగా చేసిన పనులకు సాక్ష్యం చెప్పగలడు. యజమానికి మాత్రమే తెలిసిన సంగతులు యజమాని బదులు చెప్పలేడు. కనుక అద్దె పుచ్చుకున్నవాడు, లెక్క వ్రాసినవాడు, చివరి రోజున సంతకం చేయించినవాడు ఒకడే అయితే కేసు గట్టిగా ఉంటుంది.

డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. దానిని అమలు చేయించాలి. అందుకు 12 ఏళ్ళ గడువు ఉన్నది. బాకీదారు మరో ఊళ్ళో ఉంటే డిక్రీని ఆ ఊరి కోర్టుకు బదిలీ చేయించుకోవచ్చు. తన ఆస్తిపాస్తులు ఏమిటో ప్రమాణపూర్వకంగా చెప్పమని అతన్ని కోర్టు ద్వారా అడగవచ్చు. జీతం జప్తు చేయించవచ్చు గాని అందులో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోరాదు. లెక్కకు వచ్చే జీతం 31,000 అనుకుంటే, నెలకు 10,000 వరకు జప్తు చేయవచ్చునన్నమాట. వంటపాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, చేతిపనివాడి పనిముట్లు జప్తు కావు. ప్రభుత్వ పింఛను, ప్రావిడెంటు ఫండు జప్తు కావు.

జైలులో పెట్టిస్తాం అని బెదిరించేవారున్నారు. 1980లో కొచ్చిన్ బ్యాంకుకు చెందిన ఒక డిక్రీ విషయంలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇచ్చే శక్తి ఉండి దురుద్దేశంతో ఇవ్వనివాణ్ణి నిర్బంధించవచ్చు గాని, లేక ఇవ్వలేనివాణ్ణి పేదరికానికి జైలులో పెట్టరాదని జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు.

ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి

ఈ తేడా కోర్టుకే కాదు, అడిగేవాడికీ ఉండాలి. ఉద్యోగం చేసుకుంటూ కొత్త కారు కొని, పాత అద్దె మరచినవాడు ఒకడు. ఉద్యోగం పోయి అత్తవారి ఊరు చేరినవాడు మరొకడు. ఇద్దరికీ ఒకే నోటీసు పంపితే మొదటివాడు చింపేస్తాడు, రెండోవాడు నిద్ర మానేస్తాడు.

గుంటూరులో ఒక ఇంటి సంగతి చెబుతాను. యజమానురాలు వయసు మళ్ళిన ఆవిడ, హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకు అన్నం పెడతాడు గాని, మందులకూ మనవల చేతిలో పెట్టడానికీ ఆవిడకు సొంతమంటూ ఉన్నది ఆ ఇంటి అద్దె 8,000 రూపాయలే. అద్దెకున్నాయన ప్రైవేటు బడిలో మాస్టారు. 2020 మార్చిలో బళ్ళు మూతపడ్డాయి, జీతం ఆగిపోయింది. అయిదు నెలల బాకీతో ఆగస్టులో సొంత ఊరు వెళ్ళిపోయాడు. రెండు నెలల అడ్వాన్సు పోగా 24,000 మిగిలింది. కొడుకు దావా వేయమన్నాడు. వేయలేదు. వెళ్ళేరోజున మాస్టారు లెక్క కాగితం మీద సంతకం చేశాడు, “బడి తెరిచాక నెలకు వెయ్యి” అని తన చేతితో వ్రాశాడు. ఆ ఒక్క కాగితం చూపిస్తే ఆవిడ ఒప్పుకుంది. బళ్ళు తెరిచిన తరువాత వాయిదాలు మొదలైనాయి. రెండు మూడు నెలలు తప్పాయి, తప్పిన ప్రతిసారీ మాస్టారే ముందుగా ఫోను చేశాడు. ఇరవై వేలు వచ్చాక, మిగిలిన నాలుగు వేలు వదిలేశానని ఆవిడ ఉత్తరం వ్రాయించి సంతకం చేసి పంపింది. కాంట్రాక్టు చట్టం ప్రకారం బాకీని కొంతగాని పూర్తిగా గాని వదిలే హక్కు ఆవిడదే. మేనేజరుది కాదు.

ఈ చివరి మాట వసూలు చేసేవారు బాగా గుర్తుంచుకోవాలి. దయ చూపడం మంచిదే గాని, పరుల డబ్బుతో చూపకూడదు. యజమానికి మూడు సంగతులు వ్రాయండి: బాకీ ఎంత, రుజువు ఏమున్నది, ఎదుటివారి స్థితి ఏమిటి. కోర్టు ఫీజు, ప్లీడరు ఫీజు, తిరుగుడు ఖర్చు అంచనా వేసి జతపరచండి. కొండను తవ్వి ఎలుకను పట్టే వ్యవహారమైతే అదీ చెప్పండి. బాకీదారు చనిపోతే, వారసులు అతని ఆస్తి తమకు వచ్చినంత మేరకే బాధ్యులు. ఆస్తి లేనిచోట ఆ భార్యను ఫోనులో వేధించడం అన్యాయం. నిర్ణయం యజమానిది. ఆయన ఏ నిర్ణయం చేసినా కాగితం మీద పుచ్చుకోండి.

ఇది చదివేవారిలో ఇళ్ళు ఉన్నవారికంటె అద్దెకున్నవారే ఎక్కువమంది ఉండవచ్చు. వారికీ ఒక సలహా. రసీదులు పారేయకండి. ఇల్లు వదిలేటప్పుడు “బాకీ లేదు, అడ్వాన్సు చెల్లు” అని వ్రాయించుకోండి. బాకీ ఉండి ఇవ్వలేని స్థితి వస్తే, వారు అడగకముందే మీరే ఉత్తరం వ్రాయండి. పిన్నిగారికి రెండు వాయిదాలు ఆలస్యమైనా ఫరవాలేదు గాని, ఫోను ఎత్తకపోవడమే కష్టం తోస్తుంది.